మందుకు లొంగనిది

ప్రతి వసంతంలోనూ మా అన్నయ్య మూత్రపరీక్షలో తప్పేవాడు. బళ్లో కూడా ఏ పరీక్షా నెగ్గినవాడు కాదు కనక, మొదట్లో ఇంట్లో అందరం దాన్ని నవ్వులాటగానే తీసుకున్నాం.

అన్నయ్య పేరు ఇషెన్‌బెక్. నడుము విరగక ముందు తలాస్ లోయలో ఆ పేరు వినని ఇల్లు లేదు. ఉలాక్ ఆటలో గుర్రం మీంచి నేలదాకా వంగి, తల తీసేసిన మేకను ఒంటిచేత్తో లేపి, తొడకింద అదిమిపట్టుకునేవాడు. ఎదురుజట్టు గుర్రాలన్నీ మీదపడుతున్నా గుంతదాకా దూసుకుపోయి అందులో పడేసేవాడు. అతని గుర్రం పేరు కష్కా. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లమచ్చ. ఒక శీతకాలం ఆటలో గడ్డకట్టిన మంచు మీద కష్కా కాలు జారింది. గుర్రం తమాయించుకుని నిలబడింది కానీ అన్నయ్య కింద పడ్డాడు. వెనకనుంచి వస్తున్న గుర్రం అతని నడుం మీంచి వెళ్లిపోయింది.

ప్రాణం దక్కింది. నడుము కింద మాత్రం వేడి, చలి, నొప్పి ఏదీ తెలియకుండా పోయింది. మూత్రం కూడా దానంతట అది రాదు. పూటపూటకీ సన్నటి గొట్టం వేసి తీయాలి. ఆ పని వదిన నేర్చుకుంది. అప్పటికి వాళ్ల పెళ్లి వంటల వాసన ఇంకా ఇంట్లోంచి పోలేదు.

వదిన కనిషాయ్ మా లోయ పిల్ల కాదు. ఇస్సిక్‌కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున పుట్టి పెరిగింది. అవతలి గట్టు కనబడనంత నీళ్లు చూసిన మనిషికి మా ఊరు ఏం ఆనుతుంది?

"మీ తలాస్‌లో ఏముంది? రాజ్మా గింజలు, గాలి. గాలి వీస్తే గింజలు, గింజలు ఎండితే గాలి" అనేది.

"కాలవ ఉందిగా వదినా" అనేదాన్ని.

"మోకాలు తడవని దాన్ని కాలవ అంటారా? మా ఊళ్లో దాన్ని కుండకి చిల్లు పడటం అంటారు."

నా పేరు సల్తనత్. పెళ్లి కలిసిరాక పుట్టింటికి తిరిగొచ్చేశాను. ఇల్లిల్లూ తిరిగి పాలు పోగుచేసి కేంద్రానికి చేరవేసే వ్యాన్ నడుపుతాను. అన్నయ్యా వదినల గదికీ నా గదికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడ అవతల వాళ్లు పోట్లాడుకున్న రోజుల్లో నాకు ధైర్యంగా ఉండేది. మాటలు వినబడని రోజుల్లోనే భయం వేసేది.

కష్కాను మా పెదనాన్న కొడుక్కి ఇచ్చేశాం. పక్క లోయకు తోలుకుపోయారు. తోలుకుపోతున్నప్పుడు అన్నయ్య కిటికీ మూయించాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ గుర్రం పేరు ఎత్తినవాళ్లు లేరు. కానీ వీధిలో ఏ గుర్రం వెళ్లినా అతను మాట మధ్యలో ఆగిపోయేవాడు. డెక్కల చప్పుడు దూరమయ్యేదాకా కళ్లు ఎక్కడో ఉండేవి. వదిన చేతిలో టీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడేది, అతని మనసు మళ్లీ గదిలోకి వచ్చేదాకా.

అలాంటి మనిషి ఒకరోజు టీవీ చూస్తూ ఇల్లు ఎగిరిపోయేలా కేకలు పెట్టాడు.

"కనిషా! సల్తనత్! రండే, రండే! వీణ్ణి చూడండి, వీడికి వెన్ను నాకంటే పైన విరిగింది!"

సరస్సు ఉత్తరపు ఒడ్డున, వెన్ను దెబ్బతిన్నవాళ్లకోసం ఒక విశ్రాంతి ఆసుపత్రి ఉంది. అక్కడ వీపు ఆనించుకునే జీను ఒకటి చేశారు. కాళ్లు చచ్చినవాణ్ణి అందులో కూచోబెట్టి, చెరోపక్కా మనుషులు నడుస్తూ, నీళ్ల ఒడ్డునే గుర్రం నడిపిస్తున్నారు. టీవీలో ఆ కుర్రాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

అన్నయ్య గుర్రాన్నే చూశాడు. వదిన గుర్రం వెనకనున్న నీళ్లను చూసింది. ఒకే బొమ్మ మీద ఇద్దరికీ ఒకేసారి బెంగ పుట్టింది.

దరఖాస్తు పెట్టాం. పిలుపు వచ్చింది. ఒకటే షరతు: మూత్రంలో సూక్ష్మజీవులు లేవని పరీక్ష చేయించి కాగితం తేవాలి.

పరీక్ష చేయిస్తే ఉన్నాయి. అన్నయ్యకు జ్వరం లేదు, వణుకు లేదు, శుభ్రంగా తింటున్నాడు, అందరి మీదా అరుస్తున్నాడు. అయినా కాగితం మీద మాత్రం ఉన్నాయి.

వదిన మందుల షాపుకి వెళ్లింది. డాక్టరు చీటీ ఎవరూ అడగరు మా దగ్గర. "గట్టిది ఇవ్వమ్మా, త్వరగా కడిగేసేది" అంది. షాపు అమ్మాయి ఇచ్చింది. అన్నయ్య మింగాడు. మళ్లీ పరీక్ష చేయిస్తే కాగితం తెల్లగా వచ్చింది. ఆ రోజు వదిన పిండి కలిపి ఒక గంపెడు బోర్సోక్‌లు వేయించి వీధంతా పంచింది.

నా వ్యాన్‌లో బయల్దేరాం. రెండు కనుమలు దాటి, బిష్కెక్ దాటి, ఇరుకు లోయ దాటేసరికి సరస్సు కనబడింది. వదిన అద్దం దించి తల బయటపెట్టింది. గాలికి జుట్టు మొహం మీద పడుతున్నా తీసుకోలేదు. "వాసన వస్తోందా సల్తనత్? వస్తోందా?" అని అడుగుతూనే ఉంది. నాకు పాల క్యాన్ల వాసన తప్ప ఏమీ రాలేదు కానీ, "వస్తోంది వదినా" అన్నాను.

ఆసుపత్రి గేటు దగ్గరే ఒక గది. చేర్చుకునే ముందు అక్కడ మళ్లీ పరీక్ష చేస్తారట. మాకెవరికీ అది ముందు తెలియదు. వదిన గొట్టం వేసి తీసి ఇచ్చింది. కాసేపటికి నర్సు వచ్చి, "మళ్లీ ఉన్నాయండీ. ఈసారికి కుదరదు. బాగుచేయించుకుని రండి" అంది. మర్యాదగానే అంది.

ఆ కిటికీలోంచి గుర్రాలశాల కనబడుతోంది. ఎవరో గుర్రానికి మాలిష్ చేస్తున్నారు. అన్నయ్య అటు ఒక్కసారి చూసి తలదించుకున్నాడు.

"ఇంటికి పద."

"అవతలి ఒడ్డునే మా అమ్మ ఇల్లు. ఒక్క రాత్రి ఉండి పోదాం" అంది వదిన.

"మీ అమ్మ గడపలోకి నేను గుర్రం మీద వచ్చాను. ఇప్పుడు మూత్రం పాడైందని గెంటేస్తే వచ్చానని చెప్పమంటావా? పద."

తిరుగుదారిలో వదిన అద్దం పైకెత్తి కూచుంది. నీళ్లు కొండల వెనక్కి పోయేదాకా ఎదర రోడ్డునే చూసింది, పక్కకి తల తిప్పలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. బెంగ మనిషిని ఆగనివ్వదు. శరత్తులో మళ్లీ పిలుపు, మళ్లీ పరీక్ష, మళ్లీ మాత్రలు. ఈసారి పాతవి పనిచెయ్యలేదు. "ఇంకా గట్టిది" అడిగాం. దానికి కొన్నాళ్లు లొంగాయి. వసంతానికి అదీ పనిచెయ్యలేదు. వేరే రంగు మాత్ర. నాలుగు వేసుకునేసరికి అన్నయ్యకు కడుపులో తిప్పి మానేశాడు, మిగిలినవి అలమారలో దాచాడు. తర్వాతి పిలుపుకి ముందు అవే తీసి మింగాడు. పక్కింటి ముసలాయన తన ఛాతీ జబ్బుకిచ్చిన మందు మిగిలితే అదీ తెచ్చిచ్చాడు.

"మందు మందే కదా, దారి తప్పుతుందా?" అన్నాడు ఆయన.

"మీ ఇంటికి పోబోయి తప్పతాగి మా ఇంటికి వస్తారు మీరు. మందుకేం పూచీ?" అంది వదిన. అందరం పడీపడీ నవ్వాం. అన్నయ్య నవ్వుతూనే మింగాడు.

ఆ మొదటిసారి తర్వాత ఏ పిలుపుకీ వేళకి కాగితం తెల్లగా రాలేదు.

నాలుగో వసంతంలో, ఊరంతా రాజ్మా విత్తుతున్న రోజుల్లో, నేను పాలు దించి ఇంటికి వచ్చేసరికి అన్నయ్య మంచం కిర్రుకిర్రుమంటోంది. కాళ్లు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి. పళ్లు టకటకలాడుతున్నాయి. నుదురు ముట్టుకుంటే పెనం. నొప్పి తెలియని ఒళ్లు కదా, లోపల ఎన్నాళ్లుగా రగులుతోందో అతనికే తెలియదు.

"ఏమైంది అన్నయ్యా?"

"చలేస్తోంది. కిటికీ మూయవే."

కిటికీ మూసే ఉంది.

వదిన అలమారలో ఉన్న మాత్రలన్నీ వరసగా ఇచ్చింది. జ్వరం దిగలేదు. మా ఊరి ఆసుపత్రిలో సూదులు వేశారు, దిగలేదు. మందు మార్చి వేశారు, దిగలేదు. అక్కడి డాక్టరు అన్నయ్య ఆట చూసి పెరిగినవాడే. బయటికి వచ్చి టోపీ తీసి, "నా దగ్గర ఉన్నవన్నీ వేశాను అక్కా. బిష్కెక్ తీసుకుపోండి. ఇప్పుడే" అన్నాడు.

వ్యాన్‌లోంచి పాల క్యాన్లు దింపేసి పరుపు వేశాం. కనుమ మీద ఇంకా మంచు కురుస్తోంది. వెనక అన్నయ్య తల ఒళ్లో పెట్టుకుని వదిన కూచుంది. అతను జ్వరంలో మాట్లాడుతున్నాడు.

"చూ కష్కా... చూ... అటు కాదురా, ఎడమకి... నా బంగారం, ఇంకొంచెం..."

నాలుగేళ్లుగా మా ఇంట్లో వినబడని పేరు అది. కనుమ పొడుగునా ఆ పేరే విన్నాం. అద్దంలో చూస్తే వదిన అతని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. మొహంలో ఏమీ లేదు.

బిష్కెక్ ఆసుపత్రిలో దామిరా అని ఒక పెద్దావిడ డాక్టరు. అందరూ ఆవిణ్ణి ఎజే అనే పిలుస్తారు, అంటే అక్కగారు. చూస్తూనే అన్నయ్యను ఒంటిగదిలో వేయించింది. మూత్రం, నెత్తురు ల్యాబ్‌కి పంపింది. లోపలికి వెళ్లాలంటే పైన గౌను, చేతికి తొడుగులు. వచ్చేటప్పుడు చేతులు మోచేతులదాకా కడుక్కోవాలి. ఫలితం వచ్చేదాకా ఏ మందు పనిచేస్తుందో తెలియదు. ఆ ఎదురుచూపులో వదినా నేనూ వరండా బల్ల మీద కూచున్నాం. ఎవరో ఇచ్చిన రొట్టె చేతిలోనే ఎండిపోతోంది.

"నీకో మాట చెప్పనా సల్తనత్" అంది వదిన. "ఇన్నేళ్లు అతని మలమూత్రాలు ఎత్తాను. ఏనాడూ అసహ్యం వెయ్యలేదు, విసుగొస్తే విసుక్కున్నాను, అంతే. కానీ కనుమ మీద అంత దారిలో ఒక్కసారి, ఒక్కసారైనా నా పేరు పిలుస్తాడేమోనని చెవి ఒగ్గి కూచున్నా."

"వదినా, జ్వరంలో మనిషికి..."

"జ్వరంలోనే మనిషి నిజం మాట్లాడతాడు. నాకు తెలుసులే. గుర్రం మీద నాకు ఈర్ష్య అంటే నువ్వు నవ్వుతావు."

నేను నవ్వలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కడిగి కడిగి ఆ చేతుల చర్మం గరుకుగా లేచిపోయి ఉంది.

ఫలితం వచ్చాక దామిరా ఎజే మమ్మల్ని తన గదిలోకి పిలిచింది. ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. గుండ్రటి గాజుపళ్లెం. దాన్నిండా మీగడ కట్టినట్టు తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. మధ్యమధ్య కాగితపు చుక్కలు.

"ఈ తెల్లటిదంతా మీవాడి ఒంట్లోంచి వచ్చిన బాక్టీరియా. ఒక్కో చుక్కలో ఒక్కో మందు. మందు పనిచేస్తే చుక్క చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. వెతకండి."

వదినా నేనూ తలలు ఆనించి వెతికాం. చుక్కల మొదలుదాకా తెల్లగా పెరిగిపోయింది. ఒక మూల ఒకే ఒక్క చుక్క చుట్టూ చిన్న ఖాళీ ఉంది.

"ఒక్కటేనా?" అంది వదిన.

"ఒక్కటే. మాత్రగా దొరకదు, నరంలోకి ఎక్కించాలి. మూత్రపిండాల మీద భారం, జాగ్రత్తగా చూసుకుంటాను. ఇదీ లొంగకపోతే నా దగ్గర ఇంకోటి లేదమ్మా." ఫోన్ పక్కన పెట్టి, "ఇంతకు ముందు ఏమేం వాడారు?" అంది.

వదిన ఒక్కొక్కటే చెప్పింది. పక్కింటాయన మందుతో సహా దాచకుండా చెప్పింది. ఎజే చివరిదాకా విని, "అప్పుడు జ్వరం ఉందా?" అంది.

"లేదు."

"వణుకు? మూత్రంలో నెత్తురు? కాళ్లు బిగుసుకోవడం?"

"ఏమీ లేవు. బాగానే ఉండేవాడు."

"మరెందుకు వేశారు?"

"కాగితం కోసం" అంది వదిన.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "గొట్టం వేసుకునే వాళ్ల మూత్రంలో ఇవి ఎప్పుడూ ఉంటాయి తల్లీ. పెరట్లో కలుపు ఉన్నట్టు. జ్వరం తేనంతవరకు వాటి జోలికి పోకూడదు. మీరు మందు చల్లిన ప్రతిసారీ మెత్తనివి చచ్చాయి, మొండివి మిగిలాయి. మొండివే పిల్లల్ని పెట్టాయి. ఏ హానీ చెయ్యని రోజుల్లో మందులన్నీ అవగొట్టేశారు. ఇప్పుడు నిజంగా మీదపడేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు."

"మాకెవరూ చెప్పలేదు ఎజే."

"చెప్పలేదు. కాగితం అడిగినవాళ్లూ చెప్పలేదు, మందు అమ్మినవాళ్లూ చెప్పలేదు." ఆవిడ గొంతులో కోపం ఉంది, అది మా మీద కాదు.

మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మొదటి రోజు తేడా లేదు. వదిన గది గుమ్మంలోనే నిలబడేది, కూచోమన్నా కూచునేది కాదు. తర్వాత ఒక పొద్దున అన్నయ్య కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. వదిన గౌను, మూతికి గుడ్డ, చేతికి తొడుగులు చూసి, "ఎవరు మీరు? పశువుల డాక్టరా?" అన్నాడు.

"అవును. నీలాంటివాణ్ణి చూడ్డానికి వాళ్లే రావాలి" అంది వదిన. అని బయటికి వచ్చి, గోడకి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

కోలుకుని ఇంటికి పంపే ముందు అన్నయ్య ఎజేని అడిగాడు. ఏం అడుగుతాడో మాకు ముందే తెలుసు.

"ఇప్పుడు పరీక్ష చేస్తే బాగా వస్తుందా? నేను సరస్సు దగ్గరికి..."

"రాదు నాయనా. కొన్నాళ్లకి అవి మళ్లీ చేరతాయి. చేరనీ. నువ్వు నీళ్లు బాగా తాగు, గొట్టం వేళకి వేసుకో, శుభ్రంగా వేసుకో. జ్వరం వస్తే తప్ప పరీక్షే చేయించుకోకు."

"మరి వాళ్లు చేర్చుకోరు కదా."

ఆవిడ మా ముందే ఆ ఆసుపత్రి పెద్దడాక్టరుకి ఫోన్ చేసింది. చాలాసేపు వాదించింది. ఆ పరీక్ష నియమమే తప్పన్నది, దానివల్ల ఎందరు ఇలా మందులు మింగుతున్నారో తెలుసా అంది. అవతలాయన నియమం మార్చే సంగతి చూస్తానన్నాడట. కానీ ఇషెన్‌బెక్‌ని మాత్రం తీసుకోనన్నాడు. ఎజే ఫోన్ పెట్టేసి అన్నయ్య పక్కన కూచుంది.

"అక్కడున్న వాళ్లందరికీ గొట్టాలే. నీ ఒంట్లో ఉన్న మొండిది ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ఇంకో గొట్టానికి పాకితే, వాళ్లకీ ఈ గతే పడుతుందని ఆయన భయం. ఆ ఒక్క మాట తప్పని నేను అనలేను నాయనా."

అన్నయ్య తలూపాడు. "ఎవరి జట్టుని వాళ్లు కాచుకోవాలిగా" అన్నాడు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చాం. రాజ్మా మొలకెత్తి, తీగ వేసి, పూత పట్టింది. ఊళ్లోవాళ్లు పలకరించడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడేవారు. మందుకు చావని పురుగట, గాలిలో వస్తుందట అని ఎవరో పుట్టించారు. వదిన పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నెలు తెచ్చి వాళ్ల చేతుల్లో బలవంతంగా పెట్టేది. "గాలిలో రాదు. చేతులు కడుక్కోని వాళ్ల దగ్గర ఉంటుంది. కడుక్కున్నారా?" అనేది. సగంమంది నవ్వేవారు, సగంమంది గిన్నె పక్కన పెట్టేవారు.

అన్నయ్య అరవడం మానేశాడు. వీధిలో గుర్రం వెళ్లినా తల ఎత్తడం మానేశాడు. అదే నాకు దడ పుట్టించింది. ఆ బెంగ ఉన్నన్నాళ్లూ దాన్ని పట్టుకునే మనిషి లేచి కూచున్నాడు. అది పోయాక ఏమీ మిగలనట్టు పడుకున్నాడు. గోడ అవతలనుంచి మాటలే లేవు.

ఒక మధ్యాహ్నం వదిన సంచి సర్దింది. గొట్టాలు, సబ్బు, తువ్వాళ్లు, తన బట్టలు. అన్నయ్య మంచం ముందు నిలబడింది.

"నేను వెళ్తున్నా. సరస్సుకి."

అన్నయ్య తల తిప్పాడు. అతని మొహం పాలిపోయింది. ఇక తిరిగి రాదనుకున్నాడని నాకు తెలిసిపోయింది. వదినకీ తెలిసింది. కానీ ఆవిడ జాలిపడే రకం కాదు.

"నువ్వొస్తే రా. రానంటే నీ చెల్లెలు చూసుకుంటుంది. నాలుగేళ్లుగా నీ గుర్రం కోసం నేను కాగితాలు పట్టుకు తిరిగాను. నా నీళ్లు నాకు కావాలి."

"చేర్చుకోరుగా కనిషా. పరీక్ష..."

"మా అమ్మ మూత్రపరీక్ష అడగదు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అన్నయ్య నావైపు ఉరిమి చూశాడు. తర్వాత అతని మూతి కూడా వంకరపోయింది.

"ఆవిడకి చెప్పావా, నా ఒంట్లో ఏముందో?"

"చెప్పా. అంతా విని, చేపలు తింటాడా మానేశాడా అని అడిగింది."

అలా బయల్దేరాం. ఈసారి దక్షిణపు ఒడ్డు. అత్తగారు తుర్దుగుల్ వాకిట్లోనే నిలబడి ఉంది. అల్లుణ్ణి నేనూ వాళ్ల పక్కింటాయనా చక్రాల కుర్చీలోకి దించుతుంటే దగ్గరికొచ్చి, వంగి, అతని నుదుటి మీద ముద్దుపెట్టింది.

"ఇన్నాళ్లా రావడానికి? నువ్వెక్కి వచ్చిన గుర్రానికి గడ్డి పెట్టాను కానీ, నేను పిల్లనిచ్చింది గుర్రానికి కాదురా దద్దమ్మా" అంది. అన్నయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మర్నాడు కుర్చీని ఇసకలో ఈడ్చుకుంటూ నీళ్ల ఒడ్డుకి తీసుకెళ్లాం. అక్కడ ఒక ముసలాయన విహారానికి వచ్చినవాళ్లను గుర్రం ఎక్కించి తిప్పుతున్నాడు. అన్నయ్యను చూస్తూనే గుర్తుపట్టాడు. తలాస్ ఇషెన్‌బెక్‌వి కదూ అని కేకపెట్టి, గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. గోధుమరంగు ఆడగుర్రం. అది తల దించి అన్నయ్య భుజం వాసన చూసింది.

"ఎక్కు బిడ్డా. నలుగురం పట్టుకుంటాం. ఒక్క చుట్టు."

అన్నయ్య దాని మెడ మీద చెయ్యివేశాడు. జూలులో వేళ్లు పెట్టి చాలాసేపు ఉంచాడు. అరచెయ్యి మొహానికి ఆనించుకుని వాసన పీల్చాడు. కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారాయి. వదిన కాస్త దూరంగా నిలబడి చూస్తోంది.

"వద్దు తాతా" అన్నాడు చివరికి. "జీను ఒరుసుకుంటే నాకు తెలియదు. పుండు పడితే చీము పడుతుంది. దానికి మందు కావాలి. నాకు ఇక మందులు లేవు."

ముసలాయనకు అర్థమైందో లేదో, గుర్రాన్ని తోలుకుపోలేదు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, తర్వాత వెళ్లాడు.

అన్నయ్య దాని వెనకే చూస్తున్నాడు. ఆ కళ్లు నాకు కొత్త కాదు. చెప్పుల చప్పుడు కూడా లేకుండా వదిన నీళ్లలోకి దిగిపోయింది. నేనూ గమనించలేదు. చూసేసరికి ఆవిడ తల నీళ్ల మీద అంత దూరాన ఉంది. చేతులు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి, పడుతున్నాయి. తొందర లేదు.

"అదెవరు?" అన్నాడు అన్నయ్య.

"ఎవరేమిటి? వదిన."

"కనిషాయా?" కుర్చీ చేతులు పట్టుకుని ఒళ్లు పైకి లేపుకున్నాడు. "దానికి ఈత వచ్చా?"

"సరస్సు ఒడ్డున పుట్టిన దానికి రాదా? నీకెప్పుడూ చెప్పలేదా?"

"నేనెప్పుడూ అడగలేదు."

వదిన ఆగలేదు. పడవలు కట్టే గుంజలు దాటింది. ఈతకి హద్దుగా తెల్లటి గుర్తులు తేలుతున్న చోటు కూడా దాటింది. ఇక అక్కడ నీళ్లు వేరే రంగు. తల ఒక చుక్కంత అయింది. అల లేచినప్పుడు కనబడటం మానేసేది, మళ్లీ కనబడేది. ఒకసారి మునిగి చాలాసేపు కనబడలేదు.

"కనిషా!" అన్నయ్య అరిచాడు. ఉలాక్ మైదానంలో వినబడే గొంతు అది. ఇన్నేళ్ల తర్వాత విన్నాను. "కనిషా! వెనక్కి రా! కనిషా!"

గుర్రం ముసలాయన ఆగి చూశాడు. అక్కడున్న పిల్లలు ఆట ఆపారు. అన్నయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వెళ్లు, ఎవర్నైనా పిలువు, పడవ" అంటున్నాడు. నేను కదల్లేదు. ఆ కేక వదిన చెవిన ఇంకో రెండుమూడు సార్లు పడనీ అనిపించింది.

చుక్క మళ్లీ తేలింది. వెల్లకిలా తిరిగి కాసేపు ఆకాశం చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా ఒడ్డుకి మళ్లింది.

నీళ్లలోంచి వచ్చేసరికి ఆవిడ పెదాలు నల్లబడిపోయాయి. మొహం మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్లలా ఉంది. తువ్వాలు కప్పుకుని కుర్చీ పక్కన ఇసకలో కూలబడింది.

"ఏమిటా అరుపులు? చేపలు బెదిరిపోయాయి."

"వినబడిందా?"

"వినబడింది."

"మరెందుకు వెనక్కి తిరగలేదు?"

వదిన జుట్టు పిండుకుంటూ, "ఇంకొంచెం వినాలనిపించింది" అంది.

అన్నయ్య వంగి, ఆవిడ వీపు మీద జారిన తువ్వాలు సరిచేశాడు. దూరంగా ఆ ఆడగుర్రం సకిలించింది. అతని తల అటు తిరిగింది. ఎప్పటిలా తిరిగింది. ఆ బెంగ పోయిందని నేను అబద్ధం చెప్పను. కానీ ఈసారి త్వరగానే ఇటు తిరిగాడు.

"రేపు కూడా వెళ్తావా?" అన్నాడు.

"వెళ్తా."

"చెప్పి వెళ్లు."

"చెప్తే పంపుతావా?"

"పంపుతాను. కానీ ఆ తెల్లగుర్తులు దాటకు."

"దాటతా" అంది వదిన. ఇద్దరూ పోట్లాటకి దిగారు. నేను అక్కడనుంచి లేచి, గొట్టం వేసే వేళ అవుతోందని, సబ్బూ వేడినీళ్లూ సిద్ధం చెయ్యడానికి ఇంటివైపు నడిచాను. వాళ్ల గొంతులు చాలా దూరందాకా వినబడుతూనే ఉన్నాయి.